మోకులవారి ఇంటి చినుకు

పెంకు వేయడానికి గవర్రాజు నిచ్చెన ఎక్కిన రోజునే ప్రభుత్వానికి అతని ఇల్లు గుర్తుకొచ్చింది. అంతకుముందు నూటయాభై ఏళ్ళు గుర్తుకు రాలేదు. ఇంకో పావుగంట ఆగి గుర్తొచ్చినా సరిపోయేది.

పాతరేవు పేటలో ఒకప్పుడు ఓడలు ఆగేవి. ఇప్పుడు సాయంత్రాలు మొక్కజొన్న పొత్తుల బళ్ళు ఆగుతున్నాయి. ఆ బళ్ళకి ఎదురుగా, సముద్రం వైపు మొహం పెట్టుకుని మోకులవారి ఇల్లు ఉంది. గవర్రాజు ముత్తాత ఓడలకి మోకులు, అంటే మనిషి చెయ్యంత లావు తాళ్ళు, అమ్మేవాడు. ఓడలు పోయాయి, తాళ్ళు పోయాయి, ఇల్లు మాత్రం ఉప్పుగాలి తింటూ నిలబడింది. బర్మా టేకు దూలాలు, నున్నటి స్తంభాలు, పైన పెంకుల కప్పు. బయటినుంచి చూసినవాళ్ళు అబ్బా అంటారు, లోపల ఉండేవాళ్ళు అమ్మా అంటారు. ఉండేవాళ్ళు ఇద్దరే. గవర్రాజు, అతని భార్య నూకరత్నం.

ఆ వారం తుపాను వచ్చి కప్పు మీద ఒక పెంకు జారిపోయింది. అంత కప్పులో ఏ పెంకు జారినా ఎవరికీ పట్టేది కాదు గాని, సరిగ్గా నూకరత్నం మంచానికి పైనున్న పెంకే జారింది. ఆవిడకి అప్పటికే జ్వరం. మంచం మీద తల పక్కన ఇత్తడి బేసిను పెట్టుకుని, అందులో పడే చినుకుల్నీ మొగుడి బద్ధకాన్నీ కలిపి తిడుతూ పడుకుంది. ఆ తిట్లు భరించలేక గవర్రాజు చంకలో కొత్త పెంకు పెట్టుకుని వానలోనే నిచ్చెన ఎక్కాడు.

"తక్షణం యథాతథ స్థితిలో నిలిచిపోవలసిందిగా కోరడమైనది!" అని కిందనుంచి ఎవరో అరిచారు.

గవర్రాజు కిందకి చూశాడు. వీధిలో జీపు ఆగి ఉంది. డ్రైవరు గొడుగు పడుతుంటే, ఆ గొడుగు కింద కళ్ళజోడు తుడుచుకుంటూ ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఆయన పేరు పరాంకుశం. ప్రాచీన గృహ పరిరక్షణ మండలి అని ఒకటుంది, దానికి ఆయన సహాయ సంచాలకుడు.

"పెంకేసి దిగిపోతానుండండి బాబూ. పైన జారుడుగా ఉంది," అన్నాడు గవర్రాజు.

"వేయరాదు. సదరు గృహాన్ని మండలి వారు ఇప్పుడే, ఈ క్షణమే, సంరక్షిత ప్రదర్శనశాలగా ప్రకటించియున్నారు. ప్రకటన చదివిన క్షణంలో గృహం ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలోనే ఆచంద్రతారార్కం ఉండవలెను. నేను చదివేశాను."

"నాకు వినపళ్ళేదండీ, గాలేస్తంది గదా."

"వినబడవలసిన అవసరం నిబంధనల్లో లేదు."

గవర్రాజు దిగక తప్పలేదు. పరాంకుశం ఇల్లంతా తిరిగి స్తంభాలు తట్టి, దూలాలు చూసి, పెద్దగదిలోకి వచ్చి నూకరత్నం మంచం దగ్గర ఆగాడు. పైనుంచి చినుకు రాలి బేసినులో టప్పుమంది. ఆయన చేతులు కట్టుకుని ఇంకో చినుకు కోసం ఆగాడు. అదీ పడింది.

"ఆహా! బిందుపాతం!" అన్నాడు.

"బిందుపాతం కాదండీ, కారతంది. తుపానుకి పెంకు జారిపోనాది. మొన్నటిదాకా ఇది లేనే లేదు," అని గవర్రాజు మొత్తుకున్నాడు.

"మొన్నటితో మాకు సంబంధం లేదు. ప్రకటన క్షణమే మాకు చరిత్ర."

గవర్రాజు చంకలోని పెంకును పరాంకుశం రెండు చేతులతో అందుకున్నాడు. వారం తిరక్కుండా అది గాజుపెట్టెలో కూర్చుంది. ముందు ఒక పలక పెట్టారు. 'వేయబడని పెంకు. తాకరాదు' అని దాని మీద రాసి ఉంది.

మండలి వారు దయగలవాళ్ళు. ఇంటివాళ్ళని వెళ్ళగొట్టలేదు. ప్రదర్శన వస్తువులకు భంగం కలగని రీతిలో అందులోనే బతకవచ్చునని అనుమతి ఇచ్చారు. ఆ బతకడమెలాగో మాత్రం చెప్పలేదు.

"ఏవండీ, నా మంచం కాస్త ఇటు జరిపీండి. సుక్కలు మొహమ్మీదకొచ్చేస్తన్నాయి," అంది నూకరత్నం.

గవర్రాజు మంచం కోడు పట్టుకున్నాడో లేదో, పరాంకుశం తెల్లరంగు డబ్బాతో పరుగెత్తుకొచ్చి నాలుగు కోళ్ళ చుట్టూ నాలుగు సున్నాలు గీశాడు. మంచం స్థానం చారిత్రకమన్నాడు. మంచం మీది వ్యక్తి భంగిమ కూడా చారిత్రకమే గనుక వీలైనంతవరకు ఎడమవైపు తిరిగి పడుకోమని విన్నవించాడు.

నూకరత్నం లేచి కూర్చుంది. ఆయన్ని ఎగాదిగా చూసి, చీరలు నాలుగు సంచిలో కుక్కుకుంది.

"నాకు చరిత్రొద్దు, పొడిగుడ్డ గావాల. నాను అనకాపల్లి మా అప్ప దగ్గరికెల్లిపోతన్నాను. ఈ ఇంట్లో మన మీద సుక్క పడని రోజొకటొస్తే అప్పుడు కబురెట్టండి, వొస్తాను."

"జొరంతో బస్సెక్కుతావేటే రత్నం?"

"బస్సు కారదు గదా!" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక గవర్రాజుకి ఇల్లు ఇల్లులా లేదు. పెళ్ళయ్యాక ఆవిడని వదిలి అతను ఎన్నడూ ఉండలేదు. చారు పెడితే పులుసయ్యేది, పులుసు పెడితే ఏదీ అయ్యేది కాదు. తిట్టేవాళ్ళు లేక పొద్దున్నే లేవబుద్ధి కూడా అయ్యేది కాదు. ఆ ఒక్క చిల్లూ పూడితే ఆవిడ తిరిగొస్తుందన్న ఆశతో మండలికి అర్జీ మీద అర్జీ పెట్టాడు. చాలా కాలానికి ఒకదానికి జవాబొచ్చింది. కప్పును బాగుచేయుట వలన కప్పు యొక్క బాగులేనితనమునకు తీరని నష్టం వాటిల్లును గనుక తమ అర్జీ తిరస్కరించడమైనదని అందులో ఉంది.

ఈలోగా ప్రదర్శనశాల తెరిచారు. టిక్కెట్టు పెట్టారు. ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి గుండ్రంగా నిలబడి చినుకు పడటం చూసేవారు. పడగానే చప్పట్లు కొట్టేవారు. వాళ్ళ ఇళ్ళు కూడా కారుతూనే ఉండి ఉంటాయి గాని, టిక్కెట్టు కొని చూస్తే ఆ అందమే వేరు.

అంతా బాగానే ఉంది గాని వేసవి వచ్చింది. చినుకు ఆగిపోయింది. పరాంకుశం తల చేత్తో పట్టుకుని దిగబడ్డాడు.

"బిందుపాతం స్తంభించినది! తమరు ఏం చేశారు?"

"నానేటి సేస్తానండీ? వాన్లేదు."

"వాన లేకపోవడం మా పరిధిలోని విషయం కాదు. బిందుపాతం మా పరిధిలోనిది. ఇక్కడ వారసత్వ సంపద ఎండిపోతుంటే తమరు విసనకర్రతో విసురుకుంటున్నారు!"

మర్నాడే కప్పు మీద ట్యాంకు వచ్చింది. దానికి మోటారు, మోటారుకి ఆపరేటరు, ఆపరేటరుకి కుర్చీ వచ్చాయి. పాతరేవు పేటకి కుళాయి నీళ్ళు రెండ్రోజులకోసారి, అదీ సన్నగా వస్తాయి. మోకులవారి చినుక్కి మాత్రం మున్సిపాలిటీ వారు ప్రత్యేకంగా గొట్టం వేసి ఇరవైనాలుగు గంటల సరఫరా ఇచ్చారు. ఆ సంగతి పేటలో పొక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్కింటి గురువులమ్మ, చేపలమ్ముకునే మనిషి, బిందె నడుముకెత్తుకుని మొట్టమొదట వచ్చింది.

"గవర్రాజు బావా, మీ ఇంట్లో సుక్క రేయీపగలూ వస్తందట గదా. ఆ బేసినెత్తీసి నా బిందెట్టుకోనా?"

"అది చరిత్రంట గురువులమ్మా. ముట్టుకుంటే కేసంట."

"నీల్లు చరిత్రయితే మాత్రం ఒద్దంటారేటి? కూరలోకి పనికొస్తాది గదా," అని ఆవిడ టిక్కెట్టు కొనుక్కుని లోపలికొచ్చింది. మోటారు ఆపరేటరుకి రెండు పెద్ద చేపలిచ్చి మీట ఇంకాస్త తిప్పించింది. చినుకు కాస్తా ధార అయింది. సాయంత్రానికల్లా పేటలో ఆడవాళ్ళంతా బిందెలతో వీధి చివరిదాకా బారులు తీరారు. పరాంకుశం ఆ బారు చూసి కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. చరిత్ర మీద ప్రజలకింత దాహం ఉందని తాను ఊహించలేదని పైవాళ్ళకి రాసుకున్నాడు.

ఆ రాతలు చదివి ముచ్చటపడి పైనుంచి నిపుణుల సంఘం వచ్చింది. ముగ్గురు. ఒకాయన బేసిను పక్కన చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. ఈ చినుకు చప్పుడులో విషాదం తగ్గిందని, మూలబిందువులో అది పుష్కలంగా ఉండేదని తేల్చాడు. ఆయన మూలబిందువును ఎప్పుడు విన్నాడో ఎవరూ అడగలేదు. రెండో ఆయన గాజుపెట్టెలో పెంకుకి దణ్ణం పెట్టి కూర్చున్నాడు. మూడో ఆయన మాత్రం ఖాళీ మంచం చూసి ఉలిక్కిపడ్డాడు.

"దీని మీద మనిషేరి?"

పరాంకుశం గవర్రాజు వైపు తిరిగాడు. "శయన స్థితిలో ఉన్న గృహిణి మంచంతో సహా సంరక్షించబడియున్నారు. ఆమెను తక్షణం హాజరుపరచవలెను."

"మీరే ఎల్లి తెచ్చీండి బాబూ, మీకు పుణ్యముంటాది. నా వల్ల కాలేదు," అన్నాడు గవర్రాజు. అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

మనిషి రాకపోతే పదవి వస్తుంది. అది ప్రభుత్వ ధర్మం. 'శయన గృహిణి, పొరుగు సేవల పద్ధతిన, ఒక పోస్టు' అని ప్రకటన పడింది. అది చూడగానే గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. ఉన్నపళంగా అనకాపల్లి బస్సెక్కి, గుమ్మంలోంచే కేకేశాడు.

"ఒసే రత్నం! నీ ఉద్యోగం పడ్డాది!"

"నాకుజ్జోగమేటి?"

"నువ్వుగా ఉండటమే ఉజ్జోగం. మన మంచమే. మనింట్లోనే. జీతం గూడా ఇస్తారంట!"

నూకరత్నం చాలాసేపు బెట్టు చేసింది. చివరికి, మొగుడు చిక్కి సగమయ్యాడని అప్ప కూడా అనేసరికి, పట్టుచీర కట్టుకుని ఇంటర్వ్యూకి వచ్చింది. వరండాలో చాలామంది ఆడపిల్లలు దిండ్లు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆవిడ వంతు వచ్చింది.

"మీకు మంచం మీద పడుకోవడంలో పూర్వానుభవం?" అడిగాడు చెవి పెట్టిన నిపుణుడు.

"పెల్లైన కాణ్ణుంచీ ఆ మంచమ్మీదే గదండీ."

"ధ్రువపత్రం ఉందా?"

"పడుకున్నట్టు ఎవరిస్తారండీ ధ్రువపత్రం?"

ధ్రువపత్రం లేదని ముగ్గురూ రాసుకున్నారు. జ్వరం అభినయించి చూపమన్నారు. ఆవిడ మూలిగింది. మూలుగులో శాస్త్రీయత లేదని మూడో ఆయన పెదవి విరిచాడు. ఆఖరి ప్రశ్న పరాంకుశం వేశాడు.

"ఎంపికైనచో, విధులలో చేరిన వెంటనే తమరు చేయదలచిన మొదటి పని ఏమి?"

"పెంకేయిస్తాను," అంది నూకరత్నం.

అభ్యర్థినికి పాత్ర పట్ల అవగాహన బొత్తిగా లేదని ఆవిణ్ణి తిప్పి పంపించేశారు. ఆవిడ మళ్ళీ బస్సెక్కింది. ఎక్కేముందు గవర్రాజుతో, "నా లాగ ఉండటానికి నాను పనికిరానంట. మీరు పిలిస్తే వొచ్చాను సూడండి, నాకు బుద్ధి లేదు," అంది.

ఉద్యోగం విజయనగరం పిల్ల హరిప్రియకి వచ్చింది. చరిత్రలో ఎమ్మే. నెమ్మదైన పిల్ల. మొదటి రోజు పది గంటలకి సంతకం పెట్టి, చెప్పులు మంచం కింద విడిచి, ఎడమవైపు తిరిగి పడుకుంది. గవర్రాజుకి ఎటు చూడాలో తెలీక పెరట్లోకి పోయాడు. మోటారు వేశారు. చినుకు మొహం మీద పడింది. ఆ పిల్ల దిండు అటు మార్చింది, ఇటు మార్చింది. చివరికి లేచి కూర్చుని తెల్లకాగితం అడిగి, పని ప్రదేశము నందు తల తడుచుచున్నదని రెండు వాక్యాలు రాసి పరాంకుశం చేతికిచ్చింది.

పరాంకుశం అది చదివి వణికిపోయాడు.

"ఉద్యోగి తల తడవడమా! మండలి పరువేం కాను? ఉద్యోగుల భద్రతా నియమావళి ఏం కాను? పిలవండి మేస్త్రీని!"

మధ్యాహ్నం భోజనాల వేళకల్లా మేస్త్రీ వచ్చాడు. కొత్త పెంకు తెచ్చాడు, ఎక్కాడు, వేశాడు, దిగాడు. గవర్రాజు పెరట్లో నిలబడి నోరు వెళ్ళబెట్టి చూశాడు. తన అర్జీలన్నిటితో కాని పని ఈ పిల్ల రెండు వాక్యాలతో అయిపోయింది. అతనికి కోపం రావలసింది గాని, సంతోషంలో ఆ సంగతి మర్చిపోయాడు. హరిప్రియ రెండు చేతులూ పట్టుకుని ఊపి, చొక్కా అయినా మార్చుకోకుండా అనకాపల్లి పరుగెత్తాడు.

భార్యాభర్తలు మర్నాడు సాయంత్రం దిగారు. ప్రదర్శనశాల మూసే వేళ అయింది. హరిప్రియ మంచం దిగి చెప్పులేసుకుని, "రండి పిన్నిగారూ, మీరు పడుకోండి," అని బస్సుకి వెళ్ళిపోయింది. నూకరత్నం పరుపు నాలుగు మూలలా తడిమి చూసింది. పొడిగా ఉంది. కాళ్ళు బారజాపి వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూస్తే ఆవిడ కళ్ళు చెమర్చాయి. గవర్రాజు ఎదుటి గోడవార తన మంచం మీద కూర్చుని, పెళ్ళాం ఇంట్లో ఉందన్న సుఖంతో కళ్ళు మూసుకున్నాడు.

టప్పుమని మెడ మీద చినుకు పడింది.

పైకి చూశాడు. తన మంచం మీద కప్పులో చిల్లుంది. గోడ మీద కొత్త పలక ఉంది. పరాంకుశం వరండాలోంచి చిరునవ్వుతో లోపలికొచ్చాడు.

"తమరు లేని సమయంలో అత్యవసర సమావేశం జరిగినది. ఆనకట్టలు కట్టునప్పుడు ముంపు ప్రాంతపు గుళ్ళను రాయి రాయి విప్పి మరో చోట కట్టలేదా? అదే విధంగా బిందుపాతాన్ని స్థానాంతరం చేసితిమి. ఉద్యోగులు లేని చోటు కోసం ఇల్లంతా గాలించాము. ముంగిట టిక్కెట్ల గుమస్తా, వంటింట్లో మోటారు ఆపరేటరు, వరండాలో కాపలాదారు. ఉద్యోగి కానివారు తమరొక్కరే దొరికారు."

"మా ఆయన మీద కార్పిస్తారేటండీ? ఆయన మనిషి కాడా?" అని నూకరత్నం విరుచుకుపడింది.

"మనిషి అగునో కాదో మా పరిధిలోనిది కాదు తల్లీ. ఉద్యోగి కారు."

నూకరత్నం సంచి వైపు చూసింది. కాని ఆవిడ ఈసారి సంచి తీయలేదు. కొంగు నడుముకి చుట్టి, "మొగుడుజ్జోగం గూడా ఏస్తారా?" అని అడిగింది.

పరాంకుశం మొహం వికసించింది. అటువంటి ప్రతిపాదన ఇప్పటికే సిద్ధంగా ఉందట. 'ఉపవిష్ట గృహస్థు', అంటే మంచం మీద కూర్చుని ఉండే ఇంటాయన, పోస్టుకి ప్రకటన పడింది. నూకరత్నం మొగుణ్ణి పొద్దూ సాయంత్రం కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చింది. ఎంతడిగినా పెంకు మాటెత్తొద్దు, కారితే హాయిగా ఉంటుందనండి, దిగాలుగా చూడండి, మీకది బానే వొచ్చు అని చెప్పి పంపింది. గవర్రాజు ఒక్క తప్పు మాట్లాడలేదు. అయినా మూడో ఆయనకి అతను నచ్చలేదు. అభ్యర్థి కూర్చున్న తీరులో సహజత్వం లోపించినదని రాశాడు. గవర్రాజు ఉద్యోగం తుని నాటకాల మనిషి భీమశంకరానికి పోయింది. అసలు గవర్రాజుని నిరీక్షణ జాబితాలో వేశారు.

"నా ఇంట్లో, నా మంచమ్మీద, నా బదులింకోడా!" అని గవర్రాజు వీధరుగు మీద కూలబడ్డాడు. ఇంతకాలం పడని బాధంతా అప్పుడు పడ్డాడు. ముక్కు ఎగబీల్చాడు కూడా.

నూకరత్నం వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ మొహం మీద దిగులన్నది లేదు.

"ఏడవకండి, ఆలోసించండి. నా మంచం ఆ గుంటకిచ్చీసారు. మీ మంచం ఈ తునోడికిచ్చీసారు. కూకుంటాడు, తడుస్తాడు, కాయితం రాస్తాడు. మద్దేనానికి మేస్త్రీ వొచ్చి పెంకేసేస్తాడు. ఆపైన ఆ సుక్కనెక్కడెడతారు? ఉజ్జోగం లేనోల్లం మనిద్దరమే. మనకా, ఇంట్లో ఇంక సోటే లేదు."

గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు. ఇంట్లో వాళ్ళకి చోటు లేకపోవడంలో ఇంత లాభం ఉందని అతనికి తట్టలేదు.

"మరి మనమెక్కడ పడుకుంటామే?"

"సాయంకాలం అయిదయ్యాక ఆల్లెల్లిపోతారు గదా. అప్పుడా రెండు మంచాలూ మనయే. పొద్దుట్నించీ ఉండటానికి ఈ అరుగుంది. గాలొస్తాది."

సోమవారం భీమశంకరం వచ్చాడు. దిట్టమైన మనిషి, ఏనుగు మెడ, పెద్ద మీసాలు. గవర్రాజు, నూకరత్నం అరుగు మీద కూర్చుని కిటికీలోంచి లోపలికి చూస్తున్నారు. ఆయన మంచమెక్కి కూర్చున్నాడు. మోటారు వేశారు. నెత్తి మీద చినుకు పడింది. ఆయన కళ్ళు మూసుకుని, "అబ్బ, ఎండలో వచ్చానేమో, ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!" అన్నాడు.

అరుగు మీద ఇద్దరికీ ముచ్చెమటలు పోశాయి. నూకరత్నం అక్కణ్ణుంచే అనకాపల్లి వైపు తిరిగి నూకాలమ్మ తల్లికి దణ్ణం పెట్టింది. ఆ మనిషికి పడిశం పట్టిస్తే కొబ్బరికాయ కొడతానని మొక్కుకుంది. గవర్రాజు ఆ కాయకి ఇంకో కాయ కలిపాడు. జనం వచ్చి చూసి వెళ్తున్నారు. భీమశంకరం చినుకు కింద చిద్విలాసంగా మీసాలు తడుముకుంటూనే ఉన్నాడు. భోజనాల వేళ దాటింది. ఇద్దరికీ ముద్ద దిగలేదు.

పొద్దు వాలుతుండగా లోపల్నుంచి ఒక తుమ్ము వినబడింది. కిటికీ రెక్కలు అదిరేంత తుమ్ము. నూకరత్నం గవర్రాజు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రెండో తుమ్ముకి ఆవిడే లోపలికెళ్ళి, భీమశంకరానికి తెల్లకాగితం, కలం ఇచ్చి వచ్చింది.